డిస్క్ ప్లేయర్: బొమ్మ, చప్పుడుల పరిశీలన

ఇళ్లలో వాడే డీవీడీ, బ్లూ-రే ప్లేయర్ల పనితనాన్ని తెరపై కనిపించే బొమ్మను బట్టి, పెట్టె చేసే చప్పుడును బట్టి అంచనా వేస్తారు. బ్లూ-రే సినిమా సాధారణంగా 1920×1080 పిక్సెళ్లలో, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఉంటుంది. దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా యథాతథంగా టీవీకి పంపితే ఖరీదైన ప్లేయర్‌కూ చౌక ప్లేయర్‌కూ తేడా కనిపెట్టడం కష్టం.

అసలు పరీక్ష డీవీడీతోనే. పాల్ (PAL) టీవీ పద్ధతి డీవీడీలో ఉండేది 720×576 పిక్సెళ్లే. అందులోనూ చాలాసార్లు బొమ్మలోని సరి గీతలు, బేసి గీతలు విడివిడిగా వస్తాయి. వాటిని కలిపి పెద్ద తెరకు సరిపడేలా పెంచడంలో లోపముంటే, కెమెరా పక్కకు కదిలేటప్పుడు ఏటవాలు అంచులు మెట్లుమెట్లుగా విరుగుతాయి. ఇటుక గోడలు, గళ్ల చొక్కాలు మిణుకుమంటాయి. అందుకే కదలని దృశ్యాన్ని చూసి తీర్పు చెప్పకూడదు. బొమ్మలోని చుక్కలను తుడిచే సదుపాయాన్ని ముందే ఆపేయాలి. అది ముఖాల్లోని సహజమైన వివరాలనూ చెరిపేస్తుంది.

చప్పుడు డిస్క్‌ను తిప్పే మోటారు నుంచి, లేజర్‌ను జరిపే భాగాల నుంచి, కొన్నింటిలో ఫ్యాన్ నుంచి వస్తుంది. టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి, మామూలుగా కూర్చునే చోటి నుంచే వినాలి. సమతూకం లేని డిస్క్ మంచి యంత్రాన్నీ అదిరిస్తుంది కనుక వేర్వేరు డిస్క్‌లు మార్చి చూడాలి. డిస్క్ పెట్టగానే కాసేపు వచ్చే గరగర కంటే, సినిమా సాగినంతసేపూ ఆగని సన్నని కూతే పెద్ద లోపం.