మీదికి ఉరికినవాడి వెనక

అమరావతిలో కృష్ణ ఒడ్డున ఇసుకలో చెడుగుడు ఆడినవాళ్లెవరికైనా ఒక సంగతి తెలుసు. కూతకు వచ్చినవాణ్ని చుట్టుముట్టినప్పుడు ఒకడు ఓపిక పట్టలేక ముందుకు ఉరికాడంటే, వాడు వదిలిన చోట సందు పడుతుంది. గట్టి ఆటగాడు ఆ సందులోంచే గీత చేరతాడు. ఒహాయోకి వచ్చిన కొత్తలో ఇక్కడి ఫుట్‌బాల్ నాకు తలకెక్కలేదు. ఎక్కించింది ఆ ఇసుకే.

"కాలితో తన్నని ఆటకి ఫుట్‌బాల్ అని పేరేంట్రా?" అని బాబాయి ఫోన్లో ఎగతాళి చేస్తాడు. రగ్బీ కడుపున పుట్టింది, పాత పేరు పోలేదు, అంతే. జట్టుకి 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది. మొదట్లో అంతా తోపులాటే. 1905లో కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటుంటే అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీలవాళ్లని వైట్‌హౌస్‌కి పిలిపించాడు. 1906లో బంతిని ముందుకు విసరొచ్చని నిబంధన మార్చారు. దాంతో విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి గిరాకీ పెరిగింది, వాడి మీద పడి నలిపేసే ఎత్తులూ పెరిగాయి. మామూలుగా వచ్చే నలుగురికి తోడు వెనక కాపలా ఉన్నవాళ్లు కూడా దూసుకొస్తే దాన్ని బ్లిట్జ్ అంటారు. పేరు రెండో ప్రపంచయుద్ధపు జర్మన్ మెరుపుదాడి నుంచి వచ్చింది.

విరుగుడు మాత్రం పొరపాటున పుట్టింది. 1940ల్లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టుకి పాల్ బ్రౌన్ కోచ్, ఆటో గ్రాహమ్ క్వార్టర్‌బ్యాక్. ఒకసారి గ్రాహమ్ విసరబోతుండగా అవతలివాళ్లు మీదికొచ్చేశారు. దిక్కుతోచక, తనకి అడ్డుగా నిలబడ్డ మేరియన్ మోట్లీ చేతిలో బంతి పెట్టేశాడు. ఉరికినవాళ్లు ఉరికినట్టే పక్కనుంచి దాటిపోయారు. ముందు మైదానం ఖాళీ. దాదాపు 108 కిలోల మోట్లీ పరుగందుకున్నాడు. తర్వాత ఆ ఆట ఫిల్ము చూసిన కోచ్ ఆ పొరపాటునే పాఠంగా మార్చాడు. అదే డ్రా ప్లే. లైన్‌లోవాళ్లు వెనక్కి జరిగి, విసరడానికే కాస్తున్నట్టు నటిస్తారు. క్వార్టర్‌బ్యాక్ కూడా బంతి ఎత్తి చూస్తాడు. శత్రువుని లోపలికి రానిచ్చి, చివరి క్షణంలో బంతి పరుగువాడికి అందిస్తాడు.

ప్రతిసారీ పారుతుందనుకోవద్దు. దూసుకొచ్చేవాడు సరిగ్గా ఆ సందులోనే వస్తే పరుగువాడు ఉన్నచోటే మట్టి కరుస్తాడు. అయినా నాలుగు సార్లు దెబ్బ తిన్నాక మీదికి ఉరికే కాళ్లకి కాస్త అనుమానం వస్తుంది. ఆ అరక్షణం చాలు, ఐదోసారి బంతి విసరడానికి.

ఈ కథ మీకు చెప్పడానికి కారణం మోట్లీ. మోట్లీ నల్లవాడు. 1934 నుంచి 1945 దాకా ఇక్కడి పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఎన్.ఎఫ్.ఎల్.లో ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు. చట్టమేమీ కాదు, యజమానుల మధ్య నోటిమాట. మన ఊళ్లల్లో నోటిమాట బలం ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. 1946లో పోటీ లీగ్‌లో మొదలైన బ్రౌన్స్, మోట్లీనీ, ఇంకో నల్లజాతి ఆటగాడు బిల్ విల్లిస్‌నీ తీసుకుంది. బేస్‌బాల్‌లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ పెద్ద లీగ్‌లో అడుగుపెట్టింది ఆ తర్వాతి ఏడే. 1950లో బ్రౌన్స్ ఎన్.ఎఫ్.ఎల్.లో చేరి ఆ ఏడే కప్పు కొట్టింది. ఆ అక్టోబర్ 29న పిట్స్‌బర్గ్ మీద మోట్లీ 11 సార్లు బంతి మోసి 188 గజాలు పరిగెత్తాడు.

ఆయన పెరిగిన క్యాంటన్ ఊళ్లోనే ఈ ఆట మహామహుల మందిరం ఉంది. 1968లో ఆయనకి అందులో చోటిచ్చారు. అక్కడినుంచే బాబాయికి ఫోన్ చేసి, 1946లో మయామీలో జరిగిన బ్రౌన్స్ ఆటకి మోట్లీ, విల్లిస్ వెళ్లలేకపోయారనీ, నల్లవాళ్లు తెల్లవాళ్లతో కలిసి ఆడటం అక్కడ కుదరదన్నారనీ, బెదిరింపులు కూడా వచ్చాయనీ చెప్పాను.

"వాళ్లు లేకుండా ఓడిపోయారా?"

"లేదు బాబాయ్, గెలిచారు."

కాసేపు మాట్లాడలేదు. "ఓడిపోయుంటే బాగుండేదిరా" అన్నాడు.