కృష్ణా డెల్టాలో పాత దీపపు గాజు

తెలుగున గాజు అను మాటకు రెండర్థములు కలవు. స్త్రీల చేతిని అలంకరించు ఆభరణము గాజు. ఆ ఆభరణమునకు మూలమైన పదార్థమును గాజే. మన పూర్వులకు గాజుతో గల పరిచయమంతయు ముఖ్యముగా ముంజేతి మీదనే జరిగినదని దీనివలన తోచును. ఇంటిలోని దీపమునకు గాజు తొడుగు అలవాటు చాల ఆలస్యముగా వచ్చినది. వచ్చిన నూరు, నూటయేబది ఏండ్లలోనే తన పని ముగించుకొని అటక ఎక్కినది.

నేడు కృష్ణా డెల్టాలోని పాత ఇండ్లలో లాంతరు చిమ్నీలు, పెట్రోమాక్సు గాజులు, విద్యుద్దీపములకు ఒకప్పుడు తొడిగిన పాలగాజు డూములు దుమ్ముపట్టి కానవచ్చును. ఇల్లు పడగొట్టినప్పుడు ఇవి పాత సామాను వర్తకుని తక్కెడకో, కాలువగట్టు మీది చెత్తకుప్పకో చేరును. ఇటీవల కొందరు వీనిని తెచ్చి కడిగి పూలకుండీలుగను, పెరటి దీపములుగను మార్చుకొనుచున్నారు. ఈ పని మెచ్చదగినదే. కాని ప్రతి గాజునకు ఒక చరిత్ర, ఒక స్వభావము కలవు. అవి తెలిసినవారికే దేనిని దేనికి వాడవచ్చునో, దేనిని వాడరాదో బోధపడును.

ఈ చరిత్ర చెప్పుకొనుటకు హనుమాన్ జంక్షను తగిన చోటు. మద్రాసు, కలకత్తాలను కలుపు రాజమార్గము మీద, ఒకవైపు నూజివీటికి, మరొకవైపు గుడివాడకు పోవు దారులు కలియు కూడలి ఇది. ఆంజనేయస్వామి ఆలయము దీనికి పేరిచ్చినది. ఇచటినుండి ఉత్తరముగా పోయిన మెట్టభూములు, మామిడితోటలు, నూజివీటి కోట. దక్షిణముగా పోయిన కాలువలు, వరిపొలములు, రైతుల ఊళ్ళు. ఒకవైపు దివాణములో వెలిగిన దీపగుచ్ఛము, మరొకవైపు పాకలో వెలిగిన బుడ్డిదీపము. డెల్టాలోని వెలుగు కథ ఈ రెంటి నడుమ నడచినది.

గాజు రాకపూర్వము మనకు వెలుగు ప్రమిదలోని ఆముదము, నువ్వులనూనెల వలన లభించెడిది. దేవాలయములందు ఇత్తడి సెమ్మెలు, ఊరేగింపులందు దివిటీలు వెలిగెడివి. కూచిపూడి భాగవతులు కాగడాల వెలుగున రాత్రియంతయు ఆడెడివారు. ముఖ్యపాత్ర ప్రవేశించునప్పుడు కాగడాపై గుగ్గిలపు పొడి చల్లగా మంట భగ్గున లేచెడిది. ఆ వెలుగు అందమైనదే. కాని గాలికి ఆగదు. దాని పొగ కంటికి హాని. దానియెదుట చిన్న అక్షరము చదువుట కష్టము.

ఈ కష్టమును తొలగించినది గాజుగొట్టము. జెనీవాకు చెందిన ఎమీ ఆర్గాండు 1780 ప్రాంతమున గుండ్రని వత్తిని కల్పించెను. అతని దీపమునకు గాజు చిమ్నీ తోడయ్యెను. చిమ్నీ కేవలము గాలికి అడ్డు మాత్రమే కాదు. వేడెక్కిన గాలి గొట్టము ద్వారా పైకి పోవుచుండగా చల్లని గాలి క్రిందినుండి లాగబడి వత్తికి చేరును. మంట నిలకడగా, పొగ తక్కువగా వెలుగును. అనగా చిమ్నీ దీపయంత్రములో ఒక భాగము. 1853లో ల్వోవ్ నగరమున ఇగ్నాసి లుకాసియెవిచ్ అను ఔషధశాస్త్రజ్ఞుడు రూపొందించిన కిరసనాయిలు దీపము ఒక ఆసుపత్రిలో వెలిగినది. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో డ్రేక్ త్రవ్వించిన బావినుండి రాతినూనె ఉబికినది. అటుపిమ్మట గాజు చిమ్నీయు కిరసనాయిలును జంటగా లోకమంతట ప్రయాణము సాగించినవి.

ఆ జంట మన డెల్టాకు వచ్చు సమయమునకు దారి సిద్ధముగా నున్నది. 1852-55 సంవత్సరముల నడుమ బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట కట్టబడినది. కాలువలు పారినవి, పంట పండినది, పడవలు నడచినవి. 1890వ దశకమునకు రైలుబండియు వచ్చినది. ధాన్యము పైకి పోవగా విదేశపు సరకు లోనికి వచ్చినది. ఆ సరకులలో కిరసనాయిలు ఒకటి: మొదట అమెరికానుండి, పిదప రష్యానుండి, 1886లో బర్మా ఆయిలు కంపెనీ ఏర్పడిన తరువాత బర్మానుండియు వచ్చెను. నాలుగేసి గాలనుల రేకుడబ్బాలు రెండేసి చొప్పున కొయ్యపెట్టెలలో అమర్చి పంపెడివారు.

ఇచట మనవారి గృహవివేకమును గమనింపవలెను. నూనె అయిపోయిన డబ్బాను ఎవరును పారవేయలేదు. అది నీరు తోడు చేదయ్యెను, ధాన్యము దాచు పాత్రయయ్యెను, విప్పి పరచిన పాకపై కప్పయ్యెను, తులసిమొక్కకు కుండీయయ్యెను. చిమ్నీ లాంతరు కొనలేని ఇంటిలో ఖాళీ సిరాబుడ్డికి రేకుమూత బిగించి, దానిలో వత్తి దూర్చి, కిరసనాయిలు పోసి వెలిగించిరి. బుడ్డిదీపము పుట్టినది అట్లే. నాడు గాజుసీసా దీపమైనది. నేడు దీపపు గాజు పూలకుండీ యగుచున్నది. పాత వస్తువునకు కొత్త పని కల్పించుట మనకు ఎవరో నేర్పిన విద్య కాదు. అయితే ఒక భేదము మరువరాదు. నాడు అది లేమి నేర్పిన ఉపాయము. నేడు అది కలిమిలోని వేడుక. బుడ్డిదీపపు మసి పీల్చుచు చదువుకొన్న బిడ్డల కన్నులను, దీపము ఒరిగి అంటుకొన్న పాకలను మరచి, పాత లాంతరును కేవలము సుందరవస్తువుగా చూచుట న్యాయము కాదు.

దివాణముల సంగతి వేరు. బర్మింగుహాములోని ఆస్లరు కంపెనీవారు కలకత్తాలో దుకాణము తెరచి, భారతదేశపు రాజులకు, జమీందారులకు స్ఫటికపు దీపగుచ్ఛములను అమ్మిరి. బెల్జియము, బొహీమియా గాజు కూడ వచ్చినది. నూజివీటి సంస్థానము పంపకములై ఉయ్యూరు, మీర్జాపురము, తేలప్రోలు మొదలగు శాఖలుగా విడివడినది. కోట ఒక్కటి పలు దివాణములైనది. దీపము క్రిందనే చీకటి యన్నట్లు, అట్టి దివాణపు గోడ దాటిన మరుక్షణమే బుడ్డిదీపముల రాజ్యము. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీలు పోయినవి. ఆదాయము తగ్గిన దివాణములందలి సామగ్రికి అటువంటి కాలమున ఏ గతి పట్టునో ఊహింపవచ్చును. జాగ్రత్తపరుపబడిన దానికి మంచి ఉదాహరణము హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదము. అచటి దర్బారు మందిరములోని 19 బెల్జియము దీపగుచ్ఛములు బాగుచేయబడి తిరిగి తమ స్థానమునందే వ్రేలాడుచున్నవి. పాత గాజుకు అన్నిటికంటె ఉత్తమమైన వినియోగము, దానిని తిరిగి దీపముగా వెలిగించుటయే యని అవి చెప్పుచున్నవి.

దిగుమతి గాజు మీద ఆధారపడుట స్వదేశీ ఉద్యమకారుల మనస్సులను కలచినది. 1907లో బిపిన్ చంద్రపాలు ఆంధ్రదేశమున పర్యటించి, బెజవాడ, బందరు మొదలగు పట్టణములలో ఉపన్యసించెను. ఆ మరుసటి ఏట, 1908లో, మహారాష్ట్రమున ప్రజలు ఒక్కొక్క పైసా చొప్పున కూర్చిన నిధితో తళేగాములో గాజు కర్మాగారము వెలసినది. 1916లో కరాడ్ చెంత ఓగలే సోదరులు స్థాపించిన కర్మాగారమునుండి ప్రభాకర్ లాంతరు వెలువడి పేరుపొందినది. గాజులకు ప్రసిద్ధమైన ఫిరోజాబాదు కొలుములలో చిమ్నీలును ఊదబడినవి. ఆ కొలుముల యెదుట వేడికి ఓర్చి పనిచేసిన కార్మికుల ఊపిరి ప్రతి చిమ్నీలోను ఉన్నదనిన అతిశయోక్తి కాదు. గొట్టముతో గాలి ఊదియే గదా దానిని చేసిరి. మన డెల్టాలోను 1926లో బందరున ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ ఏర్పడి విజ్ఞానశాలలకు పరికరములు చేసినది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో చేరినది. చీకటిలో చూడగల పరికరములు నేడు అచట తయారగుచున్నవి.

1910 ప్రాంతమున బెర్లినులో పుట్టిన పెట్రోమాక్సు దీపము డెల్టా రాత్రులకు కొత్త కాంతి నిచ్చినది. పంపు కొట్టి, మాంటిలు వెలిగించి, తలపై పెట్టుకొని పెండ్లి ఊరేగింపుల వెంట నడచినవారెందరో. హరికథలకు, పద్యనాటకములకు అదియే వేదికాదీపము. ఆ వెలుగున అందరి ముఖములు కనిపించినవి. దీపమును తలపై మోసిన మనిషి ముఖము మాత్రము నీడలోనే ఉండిపోయినది.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పని ప్రారంభించినది. 1959 ఏప్రిలు 1న ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడినది. తీగలు పట్టణమునుండి పల్లెకు, పెద్దవీధినుండి పేటకు క్రమక్రమముగా సాగినవి. విద్యుద్దీపమునకు గాజు తొడుగు గాలినుండి రక్షణకు కాదు. కంటికి బల్బు తీక్ష్ణత తగులకుండుటకు. అందుచేతనే పాలవలె తెల్లనైన డూములు, గోళములు వాడుకలోనికి వచ్చినవి. గొట్టపు దీపము వచ్చి డూమును తొలగించినది. 2015లో ప్రారంభమైన ఉజాలా పథకముతో ఎల్.ఇ.డి. బల్బు ఇంటింటికి చేరినది.

ఇక వినియోగము మాట. తోటలో గాజుకు పని కల్పించుట కొత్త ఊహ కాదు. 1829లో లండనులో వార్డు అను వైద్యుడు మూతవేసిన గాజుసీసాలో, తడిమట్టియందు ఒక ఫెర్ను మొక్క తనంతట మొలచుట చూచెను. ఆవిరియైన నీరు గాజుకు తగిలి మరల మట్టిలోనికే జారుచుండెను. ఆ పరిశీలననుండి పుట్టిన గాజుపెట్టెలలోనే 19వ శతాబ్ది మధ్యకాలమున చైనానుండి తేయాకు మొక్కలు ఓడలపై మన దేశమునకు వచ్చినవి. పాత దీపపు గోళమున చిన్న మొక్కను పెంచువారు ఎరుగకయే ఆ వైద్యుని మార్గమున నడచుచున్నారు.

కాని లండను ఎండ వేరు, బెజవాడ ఎండ వేరు. చలిదేశములలో మొక్కపై గాజుగిన్నె బోర్లించుట వెచ్చదనము కొరకు. మన వేసవిలో అట్లు చేసినచో మొక్క ఉడికిపోవును. మందార, మల్లె కొమ్మలను అంటు నాటినప్పుడు, తేమ నిలుచుటకు గోళమును నీడపట్టున మాత్రమే బోర్లింపవలెను. నీరు నిండిన స్వచ్ఛమైన గోళమును ఎండలో వ్రేలాడదీయరాదు. అది భూతద్దమువలె ఎండను కూడబెట్టి నిప్పు రగిలింపగలదు.

పాలగాజు డూము కుండీకి బాగుగా తగును. బోర్లించిన దానిని వెల్లకిల త్రిప్పిన, దీపమును బిగించిన మెడరంధ్రమే నీరు పోవు దారి యగును. అడుగున కొబ్బరిపీచు, గులకరాళ్ళు పరచి మట్టి నింపి, ఉట్టిలో వ్రేలాడదీసినచో ఇంటికి అందము. స్వచ్ఛమైన గాజులో వేళ్ళకు వెలుతురు తగిలి పాచి పట్టును. పాలగాజున ఆ బెడద తక్కువ. అంచు పగిలియున్నచో తడిపిన గరుకు కాగితముతో అరగదీయవలెను. పక్షులకు నీరు పెట్టినచో రెండు మూడు దినముల కొకమారు పారబోయవలెను. లేనిచో పిచుకలకంటె ముందు దోమలు వచ్చి కాపురము చేయును.

చిమ్నీకి మన ఆచారములోనే చోటున్నది. కార్తికమాసమున తులసికోట యెదుటి ప్రమిదకు గాలి తగులకుండ దానిని నిలుపవచ్చును. అయితే క్రింద మూడు చిన్న రాళ్ళు పెట్టి కొంచెము ఎత్తుగా నుంచవలెను. గాలి లోనికి పోవు దారి లేనిచో దీపము కొండెక్కును. ఆర్గాండు నాటి సూత్రము మన తులసికోట వద్ద కూడ సత్యమే.

కొన్ని నిషేధములు కలవు. స్ఫటికపు గాజులో సీసము కలియుటయు, పాత పాలగాజులో కొన్నిట విషపదార్థములు కలియుటయు కలదు గనుక, ఏ దీపపు గాజునను ఊరగాయ గాని, ఇతర భోజ్యపదార్థము గాని ఉంచరాదు. పెట్రోమాక్సు పాత మాంటిళ్ళలో థోరియము ఉండెడిది. ఆ బూడిదను పిల్లలకు అందనీయరాదు. పాత తీగలతో డూమును తిరిగి వెలిగింపవలెనన్నచో విద్యుత్ పనివానిచేత కొత్త తీగ వేయించిన పిమ్మటనే వెలిగింపవలెను.

గాజును మార్చుటకు పూర్వము దాని అంచును, మెడను ఒకమారు పరీక్షింపుడని మా మనవి. 1889 నాటి భారత వాణిజ్య చిహ్నముల చట్టము తరువాత విదేశపు సరకుపై దేశనామము ముద్రించుట వాడుకయైనది. చెకోస్లొవేకియా అని యున్నచో అది 1918 తరువాతిది. ఓగలే ముద్ర యున్నచో అది స్వదేశీ గాజు. అట్టిదానికి రంధ్రము చేయుట, రంగు పూయుట తగదు. అదియొక శాసనము వంటిది. చదువువాడున్నంత కాలము మాటలాడును.

తుదకు ఒక మాట. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినది. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలోని పేటలు నీట మునిగి, దినముల తరబడి కరెంటు లేక చీకటిలో గడపినవి. డెల్టాలో నివసించువారికి వెలుగు ఎన్నటికిని పూర్తిగా హామీ గల వస్తువు కాదు. కనుక ఇంటనున్న లాంతరులన్నిటిని కుండీలు చేయక, ఒక్కదానినైనను దీపముగానే ఉంచుట మంచిది. వత్తి సరిచేసి, చిమ్నీని ముగ్గుతో తుడిచి, అందుబాటున పెట్టుకొనవలెను. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మని పెద్దలనిరి. దీపమునే చక్కబెట్టుకొనుట అంతకు ముందు చేయవలసిన పని.