పరిమాణాత్మక విత్తశాస్త్ర సిద్ధాంత వ్యాసం

ధరలు, రాబడులు, నష్టభయాలను గణాంక పద్ధతుల్లో పరిశీలించి పీజీ విద్యార్థి సమర్పించే పరిశోధన. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం (స్థాపన 2008) వంటి చోట్ల చదివేవారికి ముంబై స్టాక్ సూచీల కన్నా మంచి అంశం అదే జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు జీడిపిక్కల ధరలే.

ఇక్కడ బేరం 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. బస్తా 8,000 నుంచి 8,400 రూపాయలకు పెరిగిందనుకుందాం. మామూలు లెక్కలో రాబడి 5 శాతం, లాగరిథమ్ లెక్కలో 4.88. రెండో లెక్కలో వరుస రోజుల రాబడులను నేరుగా కూడుకోవచ్చు గనుక పరిశోధకులు ఎక్కువగా దాన్నే వాడతారు. ధర ఏ రోజుదో, పిక్క ఎంత ఎండిందో రాసుకోకపోతే మాత్రం ఏ నమూనా నిలవదు.

ధరల ఒడిదుడుకులు గుంపులుగా వస్తాయన్న సంగతిని రాబర్ట్ ఎంగిల్ 1982లో ఆర్చ్ నమూనాలో పట్టుకున్నారు. బొలర్‌స్లెవ్ 1986లో దాన్ని గార్చ్‌గా విస్తరించారు.

2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను జీడితోటలను కూల్చేసింది. అలాంటి రోజును విపరీత విలువ పేరుతో పట్టికలోంచి తీసేయడం పెద్ద తప్పు. రైతు భయమంతా ఆ ఒక్క వరుసలోనే ఉంది.

ఇలాంటి గణాంక పరిశోధనలో నిష్పాక్షిక అంచనాల కచ్చితత్వానికి హద్దు చెప్పే క్రేమర్–రావు అసమానతలోని రావు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివిన సి.ఆర్. రావు. ఆ అసమానతను చెప్పిన ఆయన వ్యాసం 1945లో వెలువడింది.