టెండరు పెట్టె - నేను చూసిన చరిత్ర



సర్వీసులో చూసిన ఏదైనా ఒక పద్ధతి ఎట్లా మొదలై ఎట్లా మారిందో ప్రత్యేక సంచికకు రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినారు. నేను 1970లో చేరి 2005లో రిటైరైనాను. ఈ ముప్పై అయిదేండ్లలో ఎక్కువ భాగం వేర్వేరు మునిసిపల్ ఆఫీసులలో వర్క్సు సెక్షను గుమాస్తాగానే గడిచింది. కౌన్సిలు హాలులోని కుర్చీలకంటే, కమిషనరు గారి గది బయట స్టూలు మీద తాళం వేసి ఉండే టెండరు పెట్టెతోనే నాకు పరిచయం ఎక్కువ. కనుక దాని గురించే రాస్తున్నాను.

రిటైరైన తరువాత నేను ఇల్లు కట్టుకున్నది ఇబ్రహీంపట్నంలో. పొద్దున నడకకు పెద్దచెరువు కట్ట దాకా పోతుంటాను. 1550 నుంచి 1580 వరకు గోలకొండను ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలపు చెరువు అది. ఊరి పేరు కూడా ఆయనదే. ఆ కాలంలో టెండర్లు లేవు. పాత రోజుల్లో మన తెలుగు ప్రాంతాలలో దశబంధం అనే పద్ధతి ఉండేది. చెరువు తవ్వించినవారికో, మరమ్మతు చేయించినవారికో ఆ చెరువు కింద కొంత భూమి గానీ, పంటలో కొంత భాగం గానీ దక్కేది. కట్ట నిలిస్తే వారికీ తిండి, కట్ట తెగితే వారికీ పస్తు. పని నాణ్యతకు అదే పూచీ.

నైజాం కాలంలో ఇంజనీరింగు శాఖ పెరిగి, పనులు గుత్తకిచ్చే పద్ధతి బలపడింది. మా పెద్దలు ఆ శాఖను తామీరాత్ అనే పిలిచేవారు. గుత్తేదారు పని చేసి, బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు. రేపు ఆ కాలువ కూలితే ఆయన పొలం ఎండదు. అందుకే ధరావతు, కొలతల పుస్తకం, బిల్లులో కొంత సొమ్ము ఆపి ఉంచడం వంటి కట్టుబాట్లు అవసరమైనవి.

1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ గారు మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ ప్రారంభించిన తరువాత గ్రామాలలో చిన్న పనులు పంచాయతీల, సమితుల చేతికి వచ్చినవి. పట్టణాలకు సంబంధించి ఆంధ్ర ప్రాంతంలో 1920 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో 1956 నాటి హైదరాబాదు చట్టం నడుస్తుండగా, 1965లో రెండు ప్రాంతాలకూ కలిపి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన నాటికి అదే మాకు ప్రమాణం. రంగారెడ్డి జిల్లా అప్పటికి ఇంకా ఏర్పడలేదు. 1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లా నుంచి విడదీసినారు.

పని ఇచ్చే పద్ధతి పిల్లలకు తెలియదు కనుక క్లుప్తంగా చెబుతాను. ఒక వార్డుకు మురుగు కాలువ కావాలంటే ముందు కౌన్సిలు తీర్మానం చేసి పరిపాలనా మంజూరు ఇవ్వాలి. అసిస్టెంటు ఇంజనీరు స్టాండర్డ్ రేట్ల పట్టిక ప్రకారం ఎస్టిమేటు వేస్తారు. దానికి పై ఇంజనీరు సాంకేతిక మంజూరు ఇస్తారు. తరువాత టెండరు నోటీసు. కాంట్రాక్టరు ఆఫీసుకు వచ్చి డబ్బు కట్టి షెడ్యూలు కొనుక్కోవాలి, ధరావతు జత చేయాలి, ఎస్టిమేటు మీద ఎంత శాతం ఎక్కువకో తక్కువకో చేస్తాడో రాసి, కవరుకు లక్క ముద్ర వేసి, గడువులోగా పెట్టెలో వేయాలి. గడువు దాటిన తరువాత అందరి ఎదుట పెట్టె తెరిచి, పోలిక పట్టిక తయారు చేసి, అంగీకారానికి పెట్టేవాళ్లం. అగ్రిమెంటు అయినాక పని, కొలతలు, బిల్లు.

కాగితం మీద చూస్తే ఇందులో లోపం కనపడదు. లోపమంతా ఆఫీసు గేటు దగ్గర ఉండేది. షెడ్యూలు కొనడానికి మనిషి స్వయంగా రావాలి కనుక ఎవరెవరు కొన్నారో సాయంత్రానికి ఊరంతటికీ తెలిసేది. తెలిసినవారంతా కూర్చుని ఈ పని నీది, వచ్చే పని నాది అని పంచుకునేవారు. దానినే రింగు అనేవాళ్లం. రింగుకు ఒప్పుకోని కొత్తవాడిని పెట్టె దాకా రానిచ్చేవారు కారు.

1988 ఎండాకాలంలో జరిగినది చెప్పాలి. అప్పుడు నేను పనిచేస్తున్న ఊరి పేరు రాయను. పల్లపు వార్డులో మురుగు కాలువ, దాని పక్కన కంకర రోడ్డు పని. గడువు మధ్యాహ్నం మూడు గంటలు. మూడు కవర్లు వచ్చినవి. పెట్టెకు సీలు వేస్తుండగా ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చినాడు. చిన్న కాంట్రాక్టరు, అంతకుముందు ఒకటి రెండు కల్వర్టులు కట్టినవాడు. చొక్కా గుండీలు తెగి ఉన్నవి, కవరు నలిగిపోయి ఉంది. గోడ గడియారంలో మూడు గంటల పది నిమిషాలు.

"సార్, రెండు గంటలకే వచ్చిన. గేటు కాడ నలుగురు పట్టుకొని ఇడువలేదు. జర పెట్టెల వెయ్యనియ్యుండ్రి" అన్నాడు.

"టైము అయిపోయిందయ్యా. ఇప్పుడు తీసుకుంటే నా నౌకరి పోతది" అన్నాను.

ఆయన ఇంకేమీ అనలేదు. కవరు జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయినాడు. నేను రిజిస్టరులో "మూడు టెండర్లు గడువులోగా వచ్చినవి" అని రాసి సంతకం చేసినాను. పెట్టె తెరిస్తే మూడూ ఎస్టిమేటుకు ఎక్కువే, ఒకదానికొకటి అర శాతం తేడాతో. ఆ పని ఎస్టిమేటు కంటే ఎక్కువకే పోయింది. ఆడిటు వారు ఫైలు చూసి ఒక్క అభ్యంతరం కూడా రాయలేదు. రెండో వానాకాలానికి కాలువ గోడ ఒక పక్క కూలి, బడి పిల్లలు మురుగు నీళ్లలో దిగి నడిచినారు.

చాలా ఏండ్ల తరువాత బస్సులో ఆయనే నన్ను గుర్తు పట్టి పలకరించినాడు. కాంట్రాక్టులు మానేసి ఇసుక, సిమెంటు అమ్ముకుంటున్నాడట. "ఆనాడు నేనేసింది తొమ్మిది శాతం తక్కువకు సార్" అని నవ్వినాడు. కోపం లేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కవరు తీసుకోకపోవడం రూలు ప్రకారం సరైనదే. కానీ "గేటు వద్ద తనను ఆపినారని ఒకరు ఫిర్యాదు చేసినారు" అని రిజిస్టరులో ఒక్క వాక్యం రాసే అవకాశం నాకు ఉండింది. అది రాసి ఉంటే పైవారు టెండరు మళ్లీ పిలిచేవారేమో. భయపడి రాయలేదు. ఇన్నేండ్లకు ఇక్కడ రాస్తున్నాను.

2003లో రెండు మార్పులు వచ్చినవి. ఆ ఏడు జనవరిలో ప్రభుత్వం కంప్యూటరు ద్వారా టెండర్లు వేసే ఈ-ప్రొక్యూర్‌మెంటు మొదలుపెట్టింది. జులై 1న నీటిపారుదల శాఖ జి.ఓ. 94 ఇచ్చింది. ఎస్టిమేటుకు అయిదు శాతం మించి ఎక్కువ వేసిన టెండరు చెల్లదు. ఇరవై అయిదు శాతం కంటే తక్కువకు వేస్తే, ఆ తేడాకు బ్యాంకు గ్యారంటీ గానీ డ్రాఫ్టు గానీ ఇవ్వాలి.  ఈ పద్ధతులు క్రమంగా మునిసిపాలిటీలకూ వచ్చినవి. షెడ్యూలు ఎవరు తీసుకున్నారో గుమాస్తాకు కూడా ముందుగా తెలియదు. ఇంట్లో కూర్చుని టెండరు వేసేవాడిని గేటు దగ్గర ఎవరు ఆపగలరు? రిటైరయ్యే ముందు ఏడు మా పెట్టెను స్టోరు గదిలో పెట్టించింది నేనే. చెప్పుకోవడానికి సిగ్గు లేదు, సంతోషపడ్డాను.

అయితే కంప్యూటరు గేటును తీసివేసింది గానీ మిగతావన్నీ అట్లాగే ఉన్నవి. ఎస్టిమేటు వేసేది మనిషే. ఎం-బుక్కులో కాలువ పొడవు, లోతు, కాంక్రీటు మందం కొలిచి రాసేది మనిషే. తక్కువ రేటుకు పని దక్కించుకున్నవాడు ఆ తక్కువను ఎక్కడ పూడ్చుకోవాలనుకుంటాడో వర్క్సు సెక్షనులో చేసినవారికి చెప్పనక్కరలేదు. ఆరు అంగుళాలు వేయవలసిన చోట నాలుగు వేసి, పుస్తకంలో ఆరు రాయిస్తే, ఎంత పారదర్శకమైన టెండరు జరిగినా ఫలితం సున్న.

ఇక్కడే మనవంటి వారికి ఒక పని ఉంది. నేను రిటైరైన 2005లోనే అక్టోబరు 12 నుంచి సమాచార హక్కు చట్టం పూర్తిగా అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఫైలు నకలు అడగడమే కాదు, జరుగుతున్న పనిని తనిఖీ చేయవచ్చు, వాడిన సామగ్రి నమూనా కూడా అడగవచ్చు. మునిసిపల్ ఆఫీసులో దరఖాస్తుకు పది రూపాయల ఫీజు. ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి.

నేను పుట్టి పెరిగిన కాలంలో తాలూకా కేంద్రంగా ఉన్న ఇబ్రహీంపట్నం ఇప్పుడు మునిసిపాలిటీ. 2020 జనవరిలో ఇక్కడ కౌన్సిలు ఎన్నికలు జరిగినవి. ఆ తరువాత మా వీధిలో సిమెంటు రోడ్డు వేసినప్పుడు నేను ఎస్టిమేటు, ఎం-బుక్కు పేజీల నకళ్లు అడిగి తీసుకున్నాను. మనవడు టేపు పట్టుకున్నాడు, నేను కాగితం పట్టుకున్నాను. కొలతలు సరిపోయినవి. పని చేయించిన యువ ఇంజనీరు ముందు కొంచెం ముఖం ముడుచుకున్నా, తరువాత తనే వచ్చి ఎక్కడెక్కడ కొలవాలో మనవడికి చూపించినాడు. నిజాయితీగా చేసినవారికి కూడా మనం కొలిచి చూడడం మేలే, వారి పనికి సాక్షులుంటారు.

మన సంఘంలో ఓవర్సీయర్లుగా, గుమాస్తాలుగా, ఆడిటర్లుగా చేసినవారు చాలామంది ఉన్నారు. మోకాళ్లు నొప్పులున్నా ఎం-బుక్కు చదవడం ఇంకా మరిచిపోలేదు గదా. మీ వీధిలో పని జరుగుతున్నప్పుడు ఒక్కసారి టేపు తీసుకుని వెళ్లండి. ఆనాడు నేను రాయని వాక్యాన్ని మీరు రాయండి.

ఇక సెలవు.