జంట జలాశయాల పరీవాహక భూములు: పరిరక్షణలో చేవెళ్ల, మొయినాబాద్ గ్రామాల స్థానం

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద హైదరాబాదుతో పాటు ఎగువనున్న పల్లెల భవితవ్యాన్నీ మార్చింది. వరదను అదుపు చేసి నగరానికి తాగునీరు అందించేందుకు మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ (1927) వెలిశాయి. నీరు నగరానికి చేరింది. ఆ నీరు పారివచ్చే నేల మాత్రం చేవెళ్ల, మొయినాబాద్ వంటి మండలాల రైతులది.

ఆ నేల వినియోగాన్ని 1996 మార్చి 8 నాటి 111వ జీవో కట్టడి చేసింది. జలాశయాలకు 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. ఒక నూనె పరిశ్రమకు ప్రభుత్వమే ఇచ్చిన మినహాయింపును 2000లో సుప్రీంకోర్టు చెల్లదంది. కోర్టుల్లో ఉత్తర్వు నిలిచింది. క్షేత్రంలో ఫామ్‌హౌసులు, ఫంక్షన్ హాళ్లు లేచాయి. నిబంధన బరువు ఎక్కువగా చిన్న రైతు మీదే పడిందనడం అతిశయోక్తి కాదు. పొలాన్ని పొలంగానే ఉంచినందుకు అతనికి ప్రతిఫలమేదీ ఏర్పాటు కాలేదు.

మరుసటి ఏడాదే, 1997లో, న్యూయార్క్ నగరం తన నీటి వనరులున్న క్యాట్‌స్కిల్ ప్రాంత గ్రామాలతో ఒప్పందం కుదుర్చుకుంది. భూమిని ఇష్టపడి అమ్మేవారి నుంచే కొంది, నీటిని కాపాడే సేద్యపద్ధతులకు నిధులిచ్చింది. ఇక్కడ అలాంటి సంప్రదింపు జరగలేదు. అందుకే ఆంక్షలు తొలగించాలని కోరిన గ్రామస్థులను పర్యావరణ విరోధులుగా చిత్రించడం తొందరపాటు. 2022 ఏప్రిల్‌లో 69వ జీవో ఆంక్షలను సడలించినప్పుడు నగర పర్యావరణవేత్తలు ఆందోళన చెందారు. పల్లెల్లో మాత్రం సంబరాలు జరిగాయి.