ఇల్లు దాటిన పిల్లలు: రోడ్డు లెక్క, నీటి లెక్క

ఆటిజం ఉన్న పిల్లలు చెప్పాపెట్టకుండా ఇల్లు దాటిపోవడంపై తరచూ ఉదహరించే అధ్యయనం 2012లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చింది. అమెరికాలో ఆటిజం ఉన్న 1,218 మంది పిల్లల గురించి తల్లిదండ్రులను అడిగారు. నాలుగేళ్లు నిండాక ఒక్కసారైనా అలా వెళ్లబోయినవాళ్లు 49 శాతం. వారిలో సగానికి పైగా, ఇంటిల్లిపాదీ కంగారుపడేంతసేపు కనిపించలేదు.

ఈ 49 శాతాన్ని మన దేశానికి, ఉదాహరణకు సూరత్ జిల్లాలోని కిమ్ అనే ఊరికి, అలాగే దించుకోలేం. ఆ కుటుంబాలు ఆన్‌లైన్‌లో తమంతట తామే పేర్లు నమోదు చేసుకున్నవి. ఒకసారి హడలిపోయిన ఇంటివాళ్లే ఇలాంటి ప్రశ్నలకు ముందుగా జవాబిస్తారేమో. మరో ఫలితం ఇంతకన్నా గట్టిది. నాలుగు నుంచి ఏడేళ్ల వయసులో ఆటిజం ఉన్న పిల్లలు ఇల్లు దాటడం, ఆటిజం లేని సొంత తోబుట్టువులకన్నా నాలుగు రెట్లు. ఇద్దర్నీ పెంచింది ఆ తల్లిదండ్రులే. పెంపకం సరిగా లేదని ఆడిపోసుకునే బంధువులు ఈ ఒక్క అంకె చూస్తే చాలు.

ప్రమాదం ఎటునుంచి? తప్పిపోయిన పిల్లల్లో 65 శాతం వాహనాల కింద పడబోయి తప్పించుకున్నారని, 24 శాతం నీళ్లలో మునగబోయి బయటపడ్డారని తల్లిదండ్రులు చెప్పారు. మరణాల లెక్క వేరుగా ఉంది. 1999–2014 మధ్య అమెరికా మరణ ధ్రువపత్రాలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఆటిజం ఉన్న చిన్నపిల్లల గాయాల మరణాల్లో దాదాపు 80 శాతం ఊపిరాడకపోవడం, నీట మునగడం వల్లే. ధ్రువపత్రాల్లో ఆటిజం ప్రస్తావన ప్రతిసారీ ఉండదు కనుక ఈ శాతాన్నీ పట్టుకు వేలాడకూడదు. అయినా రోడ్డు మీద తృటిలో తప్పినవి బతికి బయటపడ్డవాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన లెక్కలన్నది మరువకూడదు. పిల్లవాడు కనిపించకపోతే ముందు నీళ్ల దగ్గర వెతకమని అమెరికా సంస్థలు చెప్పేది అందుకే.

కిమ్‌లో ఆ వెతుకులాట కిమ్ నది, పొలాల కాలువల దగ్గర మొదలవ్వాలి. అదే సమయంలో మరొకరు ముంబయి–అహ్మదాబాద్ రైలు పట్టాల వైపు పరుగెత్తాలి. పైన చెప్పిన సర్వే రైళ్ల గురించి మనకేమీ నేర్పదు.

సూరత్ ప్రాంతపు మరమగ్గాల్లో తరాలుగా పనిచేస్తున్న తెలుగు కుటుంబాలకు ఇంకో చిక్కుంది. పేరు పెట్టి పిలిచినా పలకని పిల్లవాడి మెడలోని కార్డు తెలుగులో ఉంటే అక్కడ చదివేవారు అరుదు. గుజరాతీలో, హిందీలో రాయించి ఫోన్ నంబరు వేయాలి. ఇరుగుపొరుగుకు ఫొటో ముందే ఇచ్చి ఉంచాలి. అత్యవసర సేవల 112, పిల్లల సహాయవాణి 1098, రైల్వే 139 నంబర్లు ఇంట్లో అందరికీ నోటికి రావాలి.

తలుపు గడియ పైకి మార్చడం మంచిదే, చాలదు. కొందరు పరుగు సరదాకు, కొందరు ఇష్టమైన చోటికి, కొందరు చెవులు హోరెత్తే రొద భరించలేక వెళ్తారు. మగ్గాల చప్పుడు నుంచి పారిపోయే పిల్లవాడికి గడియకన్నా నిశ్శబ్దమైన గది, ‘చాలు’ అని సైగతో చెప్పడం నేర్పడం ఎక్కువ పనికొస్తాయి.