చెవిహోరుకు సాక్ష్యం: నాడీపరీక్ష నుంచి శ్రవణకుల్య ధ్వనిముద్రణ వరకు

జ్వరాన్ని చేతితో తాకి తెలుసుకోవచ్చు, వాపును కంటితో చూడవచ్చు. చెవిహోరు మాత్రం సాధారణంగా రోగి ఒక్కనికే వినిపిస్తుంది. గుండె కొట్టుకొన్నప్పుడల్లా లయగా వినిపించే నాడీస్పందన హోరు ఇందుకు కొంత మినహాయింపు. దానిని ఒక్కొక్కప్పుడు వైద్యుడు కూడా వినగలడు. ఆ వినికిడి రోగనిర్ణయ సాధనంగా మారిన క్రమాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం 28 కర్ణరోగాలను పేర్కొంటూ కర్ణనాదాన్ని, కర్ణక్ష్వేడాన్ని వేరుచేసింది. మాధవనిదానం కర్ణనాదాన్ని భేరీ, మృదంగ, శంఖధ్వనులతో పోల్చింది. తెలుగునాట ప్రసిద్ధమైన బసవరాజీయం నాడీపరీక్షకు తొలి ప్రకరణంలోనే చోటిచ్చింది. అయితే సుశ్రుత, మాధవుల కర్ణనాద లక్షణంలో నాడిలయ ప్రస్తావన లేదు. మణికట్టు వద్ద తెలిసే నాడి, చెవిలో మోగే నాదం వేర్వేరు విషయాలుగానే నిలిచాయి.

1816లో లెనెక్ స్టెతస్కోపును రూపొందించడంతో దేహంలోని ధ్వని వైద్యునికి సాక్ష్యమైంది. ఆంగ్ల కర్ణవైద్యుడు జోసెఫ్ టాయిన్‌బీ రోగి చెవిని తన చెవితో కలిపే గొట్టాన్ని వాడుకలోకి తెచ్చాడు. చెవిహోరుకు ఉపశమనం వెదుకుతూ క్లోరోఫారం ఆవిరిని తనపైనే ప్రయోగించుకొని 1866లో ఆయన మరణించాడు.

నేడు ఆ గొట్టం స్థానంలో సూక్ష్మమైన మైక్రోఫోను వచ్చింది. నిశ్శబ్దమైన గదిలో దానిని శ్రవణకుల్యలో అమర్చి, ధ్వనితో పాటు నాడిని కూడా నమోదు చేస్తారు. రెండింటి లయ కలిస్తే హోరుకు మూలం రక్తప్రవాహమని అనుమానించవచ్చు. అదే వైపు మెడసిరను మెల్లగా నొక్కినప్పుడు ధ్వని తగ్గితే అది సిరల నుంచి పుట్టినదని భావిస్తారు. ఆపైన రక్తనాళాల చిత్రీకరణతో నిర్ధారించుకోవాలి.

ఇబ్రహీంపట్నం వంటి చోట ఈ విచక్షణ మరింత అవసరం. 1979లో ఇక్కడి తాప విద్యుత్కేంద్రంలో ఉత్పత్తి మొదలైంది. అటువంటి కర్మాగారాలలో టర్బైన్ల రొద నిత్యానుభవం. రొద వల్ల కలిగే వినికిడి లోపాన్ని కర్మాగారాల చట్టం వృత్తివ్యాధులలో చేర్చింది. ఆ కారణంగానే యంత్రాల దగ్గర పనిచేసిన మనిషి చెవిలో హోరు అనగానే దానిని రొద ఫలితంగా తీసిపారేసే ప్రమాదం ఉంది. రొద వల్ల కలిగే హోరు సాధారణంగా ఎడతెగని గింగురు. నాడితో అడుగు కలపదు. నాడితో కలిసే హోరు వెనుక మెదడు పొరలలో ధమనీసిరల అసహజ సంధానం ఉండవచ్చు. అది రక్తస్రావానికి దారితీయగలదు. కపాలంలో ఒత్తిడి పెరగడమే కారణమైతే చూపు దెబ్బతినవచ్చు.

అయితే ధ్వనిముద్రణకూ పరిమితి ఉంది. మైక్రోఫోనుకు ఏమీ అందనంత మాత్రాన రోగి మాట అబద్ధం కాదు. హోరు లయను వేలితో తట్టి చూపమని అడిగి, అదే సమయంలో మణికట్టు వద్ద నాడి పట్టి చూడడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. మన వైద్యులకు చిరపరిచితమైన నాడీపరీక్ష ఆధునిక ధ్వనిపరీక్షకు తొలిమెట్టుగా నిలిచేది ఇక్కడే.